రూత్ ఆంటీ ఇంట్లో శుక్రవారం

ఈ సాయంత్రం ఒళ్లు హూనమై ఆఫీసు నుంచి వస్తుంటే బేకరీలోంచి తీపి రొట్టె వాసన వచ్చింది. చిన్నప్పుడు అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో మా పక్కింట్లో ఉన్న రూత్ ఆంటీ గుర్తొచ్చింది. వాళ్లు యూదులు. వాళ్ల విశ్రాంతి రోజు మొదలయ్యే శుక్రవారం పొద్దుగూకే వేళకి కొవ్వొత్తులు వెలిగించి, పనులన్నీ ఆపేసి, అలాంటి తీపి రొట్టెతో కలిసి భోంచేసేవాళ్లు.

నేను నాలుగో క్లాసులో ఉండగా ఒకసారి మమ్మల్నీ పిలిచారు. హాస్పిటల్లో వరస డ్యూటీలు చేసొచ్చిన అమ్మ, ప్రార్థన పూర్తికాకముందే కుర్చీలో నిద్రపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అమ్మా, లే, ప్లీజ్!" అని కుదిపాను.

ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "పడుకోనీ తల్లీ. ఈ రాత్రి ఉన్నదే అందుకు" అని మెల్లగా ఇంగ్లీషులో అంది. తర్వాత అందరూ గొంతు తగ్గించి పాడారు.

అది ఉత్త మర్యాద అనుకున్నాను చాలా ఏళ్లు. ఆ రాత్రిని అందరికన్నా బాగా జరుపుకున్నది అమ్మేనని ఇప్పుడనిపిస్తుంది.