గడపలో పిన్ని

కుట్టుపని చేసుకునే ఆమె ఇల్లు దాటేటప్పుడు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, నాలుగడుగులు వేశాక మళ్లీ వచ్చి లాగుతుంది. ఏడాదిలో ఆ వీధిలో ఆరిళ్లలో దొంగలు పడ్డారు. వంతెన అవతలి పేటలో ఒక్క ఇంట్లోనూ పడలేదు. అక్కడికి మారిపొమ్మని అక్క పోరగా పోరగా, ఆ ఉదయం హడావుడిగా గది చూడటానికి వెళ్లింది. గది బాగుంది. వీధి శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. సంచీలో చెయ్యి పెడితే తాళంచెవి తగల్లేదు. తాళం వేయకుండానే, చెవితో సహా తలుపుకే వదిలేసి వచ్చింది. లోపల కుట్టుమిషను, నలుగురు నమ్మి ఇచ్చిన బట్టలు. ఆమె బతుకంతా అదే.

పరుగున వచ్చేసరికి ఎదురింటి ముసలావిడ ఆమె గడపలో కాళ్లు బారజాపుకుని బఠానీలు ఒలుస్తోంది. పోయిన నెల దొంగలు పడింది ఆవిడ ఇంట్లోనే.

"తలుపు ఊరికి వదిలేసి ఎక్కడికే పెత్తనాలు?"

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నావా పిన్నీ? తాళం వేసి చెవి పట్టుకెళ్లకపోయావా?"

"నీ మొండి తాళం నా మాట వింటేగా! నడుం పట్టేసింది, లేపు."

ఆమె రెండు చేతులూ వేసి, ఆవిడను మెల్లగా లేపింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "గది నచ్చలేదా?"

"గదికేం అక్కా, బంగారంలా ఉంది. నేనే రాను."

"ఆ దొంగల మధ్యే ఉంటావా?"

"దొంగలున్న మాట నిజమే. పిన్నీ ఉందిగా."