నర్సన్నకు మేము పోసిన పొగ స్నానం

మా చిన్నప్పుడు, అంటే మీసాలు మొలిచీ మొలవని వయసులో, కూలికి పోయిన అరబ్బు దేశంలో, సలాలా పక్కన రైసూత్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం... రూమంతా చెవులు గేటు వైపు పెట్టి కూర్చుంది. నీళ్ల ట్యాంకర్ కోసం.

నల్లా తిప్పితే గాలి దగ్గుతోంది తప్ప చుక్క లేదు. వారం మధ్యలో పోయిన నీళ్లు అవి. సిమెంటు దుమ్ము, చెమట, సముద్రపు ఉప్పుగాలి కలిసి ఒంటి మీద గార పూసినట్టు అయింది. కూర్చుంటే దురద... లేస్తే దురద... నేను గేటు దాకా పోవడం, రోడ్డు చూడడం, తిరిగి రావడం.

"కాలు కాలిన పిల్లి లెక్క తిరగకురా. నిన్ను చూస్తుంటే నాకు ఇంకింత గోకుతుంది" అన్నాడు గంగారాం మామ. మా రూమ్‌లో పెద్దమనిషి ఆయనే. జగిత్యాల దగ్గరివాడు.

ఉత్త శుక్రవారమైతే ఎలాగో ఓర్చుకునేవాళ్లం. కానీ ఆ సాయంత్రం మా నర్సన్నకు ఒక రకంగా పెళ్లిచూపులు. కొబ్బరితోట ఉన్న ఒక ముసలి అర్బాబ్ (యజమానిని అక్కడ అలాగే అంటాం) ఇంటికి డ్రైవర్ కావాలని చూసుకోవడానికి వస్తున్నాడు. నర్సన్న బస్తాలు మోసి మోసి నడుము పోగొట్టుకున్నాడు. పొద్దున మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. లైసెన్సు ఉంది, వదలడానికి కంపెనీ ఒప్పుకుంది. ఈ పని దొరికితే మనిషి నిలబడతాడు. లేదంటే ఆ నడుముతో ఇంటి దారే...

చిక్కేమిటంటే ఆ ముసలాయనకు ముక్కు పదును. ఇంతకుముందు వచ్చినవాణ్ణి చెమట వాసనకే కారు దింపేశాడని చెప్పుకున్నారు.

క్యాన్లలో తాగే నీళ్లున్నాయి గానీ, వాటితో ఒళ్లు కడగడం మా రూమ్‌లో పాపం కింద లెక్క. అందుకని గంగారాం మామ కిటికీ ఏసీ కింద పెట్టిన బకెట్ తెచ్చాడు. సలాలా ఉక్కకు ఏసీ బొట్టు బొట్టుగా కారుస్తూనే ఉండేది... అడుగున ఇంత నీళ్లు.

ఇక్కడ మా అవ్వ సంగతి ఒకటి చెప్పాలి. కరువు చూసిన మనిషి. చెంబెడు నీళ్లతో స్నానం చేసి గుడికి పోయేది. ముఖం, మెడ, చంకలు, చివరికి కాళ్లు... ఈ వరస తప్పకూడదు, కిందికి వెళ్లిన గుడ్డ మళ్లీ పైకి రాకూడదు అనేది. బడిలో నేను పెద్దగా నేర్చుకున్నది లేదు గానీ, ఈ పాఠం మాత్రం దేశం దాటినా పనికొచ్చింది.

ఆ వరసలోనే తువ్వాలు తడిపి, పిండి, నర్సన్నను తుడిచాం. చంకల్లో నిమ్మచెక్క రుద్దాం. చెమటకాయలు భగ్గుమని లేచి గంతేశాడు పాపం. తలకు నీళ్లెక్కడివి... బజ్జీల కోసం దాచిన శనగపిండి చల్లి, జిడ్డు పీల్చాక దులిపాం. సగం పిండి రాలింది. మిగతా సగం ఆయన్ని అప్పటికప్పుడు ముసలివాణ్ణి చేసింది.

అంతటితో ఆగినా బాగుండేది.

సలాలాలో సాంబ్రాణికి కొదవేముంది... అక్కడి చెట్లకే కారుతుంది. మన ఇళ్లల్లో పసిపిల్లలకు తలంటి, గంప మీద పడుకోబెట్టి పొగ వేస్తారు కదా, అదే గంగారాం మామకు గుర్తొచ్చింది. కొబ్బరిచిప్పల నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి వేసి, ఇస్త్రీ చొక్కాతో సహా నర్సన్నను పక్కన కూర్చోబెట్టి, పైన దుప్పటి కప్పేశాడు. లోపలి నుంచి దగ్గు... బయట నుంచి, "ఇంకింత ఆగు నర్సిగా, పట్టనియ్యి" అని మామ.

దుప్పటి తీసేసరికి మనిషి ఘుమఘుమ. కళ్లు మాత్రం మోదుగుపూలు.

అప్పుడే కారు హారన్.

ముసలాయన దిగి, నర్సన్న కళ్లలోకి చూశాడు. చూసి, ఒక్క మాట అడిగాడు. "శరాబ్?"

తాగుబోతుకు తాళం చెవులెవరు ఇస్తారు... మామ దుప్పటిని వీపు వెనక్కి దాచాడు. నేను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాను. నర్సన్నే నెమ్మదిగా, వచ్చిన హిందీలో చెప్పాడు... నీళ్లు లేవు అర్బాబ్, మీ ముందుకు వాసనతో రావద్దని నావాళ్లు నాకు పొగ వేశారు అని.

ముసలాయన దగ్గరికొచ్చి కాలర్ వాసన చూశాడు. తలలో పిండి చూశాడు. గోడ పక్కకు వెళ్లి నల్లా తిప్పాడు. అది దగ్గింది. నల్లా కట్టేసి, ముఖంలో నవ్వన్నది లేకుండా అన్నాడు...

"మేము పొగ బట్టలకు వేస్తాం. ముందు వాటిలోంచి మనిషిని బయటికి తీస్తాం."

తాళం చెవి నర్సన్న చేతిలో పెట్టి వెనక సీట్లో కూర్చున్నాడు.

కారు వెళ్లిపోయింది. పని ఇచ్చాడో, నడిపిస్తూ పరీక్షిస్తున్నాడో తెలియదు. మంచం మీద కుదురు లేదు, బయట కుదురు లేదు. దురద సంగతే మరిచిపోయాను.

పొద్దుగూకే వేళకు ట్యాంకర్ రాలేదు గానీ, కారు తిరిగొచ్చింది. నర్సన్న దిగాడు. తల తడిగా ఉంది... జుట్టులోంచి నీళ్లు కారి చొక్కా భుజాలు తడిశాయి. తోటలో పంపు కింద నిలబెట్టాడట ముసలాయన. నర్సన్న తన పెట్టె తీసుకుపోవడానికే వచ్చాడు... ఇక మకాం అర్బాబ్ ఇంట్లోనే.

గంగారాం మామ లేచి, నర్సన్న తల మీద అరచెయ్యి పెట్టి, ఆ తడిని తన ముఖానికి రాసుకున్నాడు. తర్వాత నేనూ...

ఇప్పుడు మా ఇంట్లో గదికో బాత్‌రూమ్. ఎవరికి వాళ్లం తలుపేసుకుని, ఎన్ని నీళ్లంటే అన్ని పోసుకుంటాం. పక్కవాళ్లు బయటికొచ్చారా లేదా అని కూడా చూడం. ఒక మనిషి శుభ్రంగా కనబడాలని రూమ్ రూమంతా తిప్పలు పడిన రోజులు... అవి ఆ రైసూత్‌లోనే ఉండిపోయాయి.

మీరెప్పుడైనా చెంబు నీళ్లతో పెద్ద పని గట్టెక్కించారా... రాయండి, చదువుతాను. నాకు ఎలాగూ నిద్ర తక్కువే.