రమ్య ఆగినప్పుడు మైక్ విన్నది

2023 ఫిబ్రవరి, కెనడా. స్కార్‌బరోలో ఆడియో సామాను అమ్మే ఒక షాపులో నాది కౌంటర్ ఉద్యోగం. అంతకు ముందు హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో పదకొండేళ్లు రికార్డింగ్ చేశాను. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. షాపు టీషర్టు వేసుకుని నిలబడితే నేను సేల్స్ మనిషిని, అంతే. ఆ నెలలో జరిగింది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ కోపంలో నా మీదున్న వాటా తక్కువేమీ కాదు.

ఒక శనివారం పక్క ఊరు మార్కమ్ నుంచి శారద గారు, ఆవిడ భర్త ప్రసాద్ గారు వచ్చారు. ఆవిడ పాడ్‌కాస్ట్ మొదలు పెడతారట. మన దగ్గర నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలు ఇళ్లలో, పనుల్లో పడే బాధలు వాళ్ల నోటితోనే చెప్పించాలని ఆవిడ కోరిక. "పేర్లు చెప్పమండీ. గొంతులు కూడా మార్చాలి. తెలిసిపోతే పాపం వాళ్ల పని అయిపోతుంది," అన్నారు. చక్కగా, స్పష్టంగా చెప్పారు. నేను విన్నాను కూడా.

ప్రసాద్ గారు మాత్రం లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీట్ చూపించారు. ఇరవై రెండు మైకులు, పద్నాలుగు కాలమ్‌లు. ఐటీలో ఉన్న మనవాళ్లు రైస్ కుక్కర్ కొన్నా ఈ షీట్ ఉంటుంది. ఆయన లెక్కలో మొదటి స్థానం ఒక కండెన్సర్ మైక్‌ది. కండెన్సర్ అంటే గదిలో చీమ చిటుక్కుమన్నా పట్టేసే రకం. గోడలకు మెత్తలు వేసిన స్టూడియోలో దానికి సాటి లేదు. మామూలు ఇంట్లో అయితే ఫ్రిజ్‌నీ, హీటర్‌నీ, పక్క గదినీ కూడా వింటుంది. నోటికి దగ్గరగా ఉన్న మాటనే ఎక్కువగా పట్టే డైనమిక్ మైక్ తీసుకోండి అన్నాను.

"దాని రేటింగ్ చూశారా?" అన్నారాయన.

"రేటింగ్ కాదండీ, ఇంట్లో రికార్డు చేసేటప్పుడు..."

"నాయిస్ సంగతి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందండీ. మీరు సేల్స్‌లో ఉన్నారు, మీ షాపుకి ఏది లాభమో అదే చెప్తారు, తప్పులేదు. నేను మూడు వారాలు రీసెర్చ్ చేశాను."

పదకొండేళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న చెవులు నావి. కోపం నషాళానికి అంటింది. కోపం వచ్చినప్పుడు నేను చేసే వెధవ పని ఒకటుంది, నోరు మూసుకుని అడిగింది ఇచ్చేస్తాను. నీ ఖర్మ అనుకుని రెండు కండెన్సర్లు బిల్లు చేశాను. ఒకటి శారద గారికి, రెండోది మాట్లాడే పిల్లల దగ్గరకు పంపడానికి. ఎవరి చోట వాళ్లు కూర్చుని ఆన్‌లైన్‌లో మాట్లాడుకుంటారట. ఆ పిల్లలు ఉండేది ఎలాంటి చోట అని నేను అడగలేదు.

శారద గారు బతిమాలితే లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ కూడా నేనే పెట్టాను. ఎవరిదో తెలియకుండా గొంతు శ్రుతి మార్చే పిచ్ షిఫ్ట్ నేర్పాను. కిందనే ఆటో లెవెలర్ అని ఒక గడి ఉంటుంది. మాట తగ్గితే అదే పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. కొత్తవాళ్లకు సుఖం. ఆ గడిలో టిక్ పెట్టింది నా వేలే.

నెల తిరక్కుండా ఇద్దరూ మళ్లీ కౌంటర్ ముందు నిలబడ్డారు. రెండు మైకులూ పెట్టెల్లో సర్ది ఉన్నాయి. ప్రసాద్ గారు రసీదు తీశారు. శారద గారి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

ఏమైందో ఆవిడే చెప్పారు. మొదటి ఎపిసోడ్‌లో మాట్లాడింది రమ్య అనే అమ్మాయి, కరీంనగర్ నుంచి వచ్చింది. పగలు ఒక మనవాళ్ల రెస్టారెంట్‌లో సూపర్‌వైజర్. ఉండేది ఆ యజమాని ఇంటి బేస్‌మెంట్‌లోనే. పీఆర్‌కి అంటే ఇక్కడే ఉండిపోయే అనుమతికి అప్లై చేయాలంటే ఇన్నాళ్లు ఈ పని చేసిందని యజమాని రాసిచ్చే ఎక్స్‌పీరియెన్స్ లెటర్ కావాలి. ఆ లెటర్ చూపించి ఆయన పొద్దునా సాయంత్రం ఆ పిల్ల చేత ఇంటి చాకిరీ అంతా చేయిస్తున్నాడు. కాదంటే సంతకం పెట్టడు. ఇదంతా రమ్య బేస్‌మెంట్ గదిలో కూర్చుని చెప్పింది. చెబుతూ మధ్యలో ఏడుపు వచ్చి ఆగిపోయింది.

పైన హాల్లో యజమాని కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, సంగీతం క్లాసుకు సరళీ స్వరాలు సాధన చేస్తోంది. రోజూ ఒకే చోట తప్పుతుంది. తల్లి "మళ్లీ" అంటుంది. మైక్ అదంతా పట్టింది. సాఫ్ట్‌వేర్ హీటర్ హోరును శుభ్రంగా తీసేసింది, పాటను ముట్టుకోలేదు. అది మనిషి గొంతు మరి, దాని దృష్టిలో నాయిస్ కాదు. రమ్య మౌనంగా ఉన్న ఆ కాసేపు మాట తగ్గిందనుకుని నా ఆటో లెవెలర్ పాటను పైకి లేపింది. పిచ్ షిఫ్ట్ వల్ల పాడే పిల్ల గొంతు మారితే మారింది. తప్పే చోటూ, ఆగే తీరూ, తల్లి మందలింపూ మారవు కదా.

ఎపిసోడ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి ఆ ఇంటికీ చేరింది. వంటింట్లో యజమానీ, భార్యా ఫోన్‌లో వింటున్నారు. సింక్ దగ్గర రమ్య గిన్నెలు తోముతోంది. పాట వినగానే ఆ చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చి, "డాడ్! దట్స్ మీ! ఐ యామ్ ఆన్ ద పాడ్‌కాస్ట్!" అని గంతులేసిందట.

ఆ సాయంత్రమే రమ్య సూట్‌కేసు మంచులో పెట్టారు. లెటర్ లేదు, గది లేదు. ఎడ్మంటన్‌లో ఉన్న స్నేహితురాలి దగ్గరకు వెళ్లిపోయింది. కొత్త పని వెతుక్కుని అనుభవం మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క.

నాకు ఆ యజమాని మీద ఎంత అసహ్యమో చెప్పలేను. ప్రసాద్ గారేమో రిటర్న్ ఫారం నా ముందుకు జరిపి, "కారణం దగ్గర డిఫెక్టివ్ అని రాయండి," అన్నారు.

"డిఫెక్ట్ మైకులో లేదండీ," అన్నాను. "మీ షీట్‌లో పద్నాలుగు కాలమ్‌లున్నాయి. ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటుందో ఒక్క కాలమ్ లేదు."

అప్పుడు శారద గారు నా వైపు చూసి మెల్లగా, "మీరైనా అడగాల్సింది కదా సుజాత గారూ," అన్నారు.

నిజమే. ఆయనకు తెలియదు, నాకు తెలుసు. తెలిసీ పంతానికి పోయాను. తెలియనివాడి తప్పు కంటే నాది పెద్దది. రిటర్న్ తీసుకున్నాను, కారణం గడి ఖాళీగా వదిలేశాను.

శారద గారి దగ్గర నంబరు తీసుకుని రమ్యకు ఫోన్ చేశాను. క్షమించమని అడిగాను. "మీరేం చేస్తరక్కా," అంది. ఆ మంచితనం తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

ఆ రోజు నుంచి నా కౌంటర్‌కు ఎవరొచ్చినా ధర, రేటింగ్ తర్వాత. ముందు మూడు ప్రశ్నలు. మాట్లాడేది ఎవరు? ఎక్కడ కూర్చుని? ఇది ఎవరి చెవిన పడకూడదు? కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. జవాబు చెప్పేదాకా నేను పెట్టె కిందికి దించను.

పోయినేడాది రమ్యే ఫోన్ చేసింది. కొత్త చోట పని చేసి లెటర్ తెచ్చుకుంది, పీఆర్ వచ్చింది. "అక్కా, ఆ ఎపిసోడ్ శారద ఆంటీ తీసేసిన్రు గదా. మళ్లీ రికార్డు చేద్దామంటున్న. ఏ మైక్ కొనాలె?"

"ఎక్కడ కూర్చుంటావు?" అన్నాను.

"నా సొంత రూమ్ ఉందక్కా. పైన ఎవ్వరు లేరు."

"గొంతు మార్చాలా?"

"వద్దు. పేరు గూడ చెప్త."

మూడో ప్రశ్నతో ఇక పనిలేదేమో అనిపించింది. అయినా అడిగాను. "ఎవరు వినకూడదు రమ్యా?"

"ఈసారి ఆయన వినాలె అక్కా," అంది.