అక్క మోకాలిచిప్ప

ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. పిల్లల్లో ఎవరిని మగ్గం మీద కూర్చోబెట్టాలో తేల్చడానికి మా అవ్వకు ఒక పద్ధతి ఉండేది. వేళ్లు వెనక్కి వంచి చూసేది. ఎంత వంగితే అంత మంచి చెయ్యి అన్నమాట. అక్క బొటనవేలు వంచితే ముంజేతికి తగిలేది. "ఇది పుట్టిందే మగ్గానికి" అని అవ్వ మురిసిపోయింది. అంత వదులు కీళ్లు మోకాలికి ఎంత చేటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మాది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపల పెట్టి చెక్కలు తొక్కాలి. తొంభైల్లో ఒక ఎండాకాలం, అక్కకు పదిహేనేళ్లు. అమ్మ పిలిస్తే, పాదం చెక్క మీద ఉండగానే నడుము తిప్పి లేవబోయింది. మోకాలిచిప్ప పక్కకు జారిపోయింది. చిప్ప ఉండాల్సిన చోట పల్లం, పక్కన గడ్డలా ఎముక. నాయన కాలు చాపించగానే అది మళ్లీ లోపలికి వెళ్లింది.

"మడత పడిందిలే, ఏం కాలా" అన్నాడు. అవ్వ గుడ్డుసొన పూసి కట్టు కట్టింది. నొప్పి తగ్గగానే అక్క మళ్లీ గుంటలో కాళ్లు పెట్టింది.

ఆ తర్వాత జారడం అలవాటైపోయింది. బిందె చంకన పెట్టుకుని వాకిట్లో గబుక్కున తిరిగినా జారేది. చివరికి హిందూపురంలో ఎముకల డాక్టరు దగ్గరికి బయలుదేరాం. పెనుకొండ దాటేదాకా బస్సులో అక్క కాలు దారికి అడ్డంగా చాపుకునే ఉంది. "ఏమప్పా, ఆ పాపను కాలు తీయమను" అని కసిరినవాళ్లకు నాయన సర్దిచెప్పాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"ఇదేం అరుదైనది కాదు" అన్నాడు డాక్టరు. "ఈ వయసు పిల్లల్లో చూస్తూనే ఉంటాం. కీళ్లు వదులుగా ఉంటే మరీను. ఒకసారి జారితే మళ్లీ జారే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

మాతో వచ్చిన అవ్వ అప్పుడు నోరు విప్పింది. "నాకూ వయసులో ఇట్లే జారేది సామీ. ఆడోళ్లకు మామూలే అనుకున్యా."

నాయన ఆమెవైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. డాక్టరు నా వేళ్లు కూడా వంచి చూసి, "ఈ పాప విషయంలోనూ జాగ్రత్త" అన్నాడు. అక్కను మాత్రం కాలికి బలం వచ్చేదాకా మగ్గం ఎక్కనివ్వొద్దన్నాడు.

కానీ మగ్గం మీద పెళ్లిచీర సగంలో ఉంది. "ఇదొక్కటి అయిపోనీ నాయనా" అని అక్కే బతిమాలింది. ఆయన వద్దనలేకపోయాడు. చీర పూర్తికాకముందే చిప్ప జారింది. ఈసారి లోపలికి వెళుతూ ఎముక ముక్కను విరిచింది. ఆపరేషన్ చేయించినా మోకాలు పూర్తిగా వంగలేదు. ఆ కాలితో చెక్క తొక్కడం ఇక కుదరదు.

ఒకరోజు నాయన మగ్గం విప్పేసి, గుంటలో మట్టి పోయసాగాడు. గోడ పట్టుకుని నిలబడ్డ అక్క అడిగింది.

"ఏంటికి నాయనా పూడుస్తాండావు? చెల్లెలుండాది గదా, అది నేస్తాది."

నాయన తలెత్తలేదు. "దాని మోకాళ్లూ నీ మాదిరివే" అన్నాడు.

ఎముక విరిగినప్పుడు కూడా ఏడవని అక్క, అప్పుడు ఏడ్చింది.