బతుకమ్మ హాల్లో ఓట్ల సంచి

మొదటి ఎన్నికలో నిరుపమ అరవై ఒక్క ఓట్ల తేడాతో గెలిచింది. ఆ అంకె తలుచుకుంటే ఆమెకు గర్వం రాదు, భయమేస్తుంది. ముప్పై ఒక్కమంది మనసు మార్చుకుంటే చాలు, తట్టాబుట్టా సర్దుకోవడమే.

ఆమె నిజామాబాద్ నుంచి చదువుకని వచ్చింది. ఆక్లాండ్ సిటీ సెంటర్లో ఐదుగురు ఆడపిల్లలతో ఒకే ఫ్లాట్‌లో ఉండేది. పొద్దున క్లాసులు, సాయంత్రం అక్కడివాళ్లు డెయిరీ అనే మూలమీది చిల్లర కొట్టులో పాలూ బ్రెడ్డూ అమ్మడం. తర్వాత రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం, మనీష్‌తో పెళ్లి, హాబ్సన్‌విల్‌లో ఇల్లు, పౌరసత్వం. రాజకీయాల్లోకి రమ్మని ఎవరూ బొట్టుపెట్టి పిలవలేదు. వానలో బస్సు కోసం నిలబడి తడిసి ముద్దయిన రోజున, స్టాపుకు కప్పు వెయ్యమని అడగడానికి లోకల్ బోర్డు మీటింగుకు వెళ్లింది. అది పార్కులూ లైబ్రరీలూ ఫుట్‌పాత్‌లూ చూసుకునే చిన్న సభ. అందరూ మర్యాదగా తలలూపారు. కప్పు రాలేదు. ఏడాదిపాటు ప్రతి మీటింగుకూ వెళ్లి అదే అడిగింది. చివరికి విసుగొచ్చి తనే పోటీ చేసింది.

ఆ ఎన్నికలో ఆమె వెంట ఇల్లిల్లూ తిరిగింది అప్పారావు అంకుల్. ఆయనది కాకినాడ. మండలాఫీసులో ముప్పై ఏళ్లు చేసి, రిటైరై, కూతురి దగ్గర రెసిడెంట్ వీసా మీద స్థిరపడ్డాడు. ఫారం కనిపిస్తే ఆయన చేతికి దురద. అక్కడి తెలుగువాళ్ల వీసా ఫారాలు, బడి ఫారాలు, కారు కాగితాలు అన్నీ ఆయన నింపినవే. చదువుకున్నవాళ్లు కూడా బద్ధకించి ఆయన చేతిలోనే పెట్టేవాళ్లు.

మూడేళ్లలో బస్టాపుకు కప్పు వచ్చింది. బడి ముందు పిల్లలు రోడ్డు దాటే చోట చారలు పడ్డాయి. మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి ఎదుటి మనిషి గట్టివాడు, పుట్టి పెరిగింది అక్కడే. నిరుపమకు తిండి సహించలేదు. ఆ దేశంలో రెసిడెంట్ వీసా ఉన్నవాళ్లకూ ఓటుంటుంది, ఈ ఎన్నికలకు ఓటు కాగితం పోస్టులో ఇంటికే వస్తుంది. ఇంట్లో కూర్చుని టిక్కు పెట్టి, సూపర్‌మార్కెట్ దగ్గరి నారింజరంగు పెట్టెలో వేసి రావచ్చు.

కాగితాలు వచ్చిన రెండో వారంలో బడి హాల్లో బతుకమ్మ ఆడారు. పాటల మధ్యలో అప్పారావు ఆమెను పక్కకు పిలిచి, భుజాన ఉన్న కూరల సంచి తెరిచి చూపించాడు. నిండా కవర్లు.

"ఇరవై తొమ్మిదమ్మా. ఇంక నువ్వు హాయిగా ఉండు."

"ఇవేంది అంకుల్?"

"ఓట్లు! ఈ పేర్లన్నీ మాకేం తెలుసు, మీరే పెట్టేయండి అంకుల్ అని అందరూ ఇచ్చేశారు. కొన్నిటికి టిక్కు పెట్టేశాను కూడా."

నిరుపమ చుట్టూ చూసింది. "ఎవరి ఓటు వాళ్లే వెయ్యాలె అంకుల్. ఇది నేరం. వాపసిచ్చేయుండ్రి, ఇప్పుడే."

"అదేంటమ్మా, దొంగతనం చేసినట్టు మాట్లాడతావు? వాళ్ల చేతుల్తో వాళ్లే ఇచ్చారు!"

"పెట్టెల ఏమన్న వేసిండ్రా?"

ఆయన సంచి మూతి ముడిచాడు. "నిన్న పన్నెండు వేశాను."

ఆ ఇరవై తొమ్మిదీ ఆ సాయంత్రమే ఎవరివి వాళ్లకు చేరాయి. టిక్కు పడ్డవాళ్లను ఎన్నికల ఆఫీసుకు ఫోన్ చేసి కొత్త కాగితం అడగమంది. పెట్టెలో పడ్డ పన్నెండింటిని మాత్రం వెనక్కి తీసే దారి లేదు.

"నువ్వు వెయ్యమన్నవా? లేదు గదా. ఊకో. ఎవరికి ఎరుక?" అన్నాడు మనీష్. మంచివాడే, భార్య కోసమే అన్నాడు. అలాంటి మంచితనం చూస్తేనే భయం.

మూడు రోజులు ఫోన్ మోగితే ఉలిక్కిపడింది. ల్యాబ్‌లో ఒక ముసలాయన చేతికి రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. చెబితే అంకుల్ మీద కేసు, చెప్పకపోతే తను కూర్చునే కుర్చీ కింద దొంగ ఓట్లు. నాలుగో రోజు ల్యాబ్ నుంచి తిన్నగా ఆయన ఇంటికి వెళ్లింది.

"నేను ఎన్నికల ఆఫీసుల చెప్తున్న అంకుల్. మీకు చెప్పకుండ ఆడ చెప్పలేక వచ్చిన."

ఆయన చొక్కా గుండీ సవరించుకున్నాడు. "నీ కోసమే కదమ్మా చేశాను. నా వీసాకేమన్నా అవుతుందా?"

"తెల్వదు అంకుల్." ఏం కాదని అబద్ధమైనా చెప్పి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆమె వాకిట్లో కారులో కూర్చునే ఫోన్ చేసింది. అవతల ఆఫీసరు అంతా రాసుకుని, పోలీసులకు పంపుతామని, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేమని అన్నాడు.

ఇంటి మనిషిని పట్టించిందన్న మాట రెండు రోజుల్లో అందరికీ పాకింది. గుడిలో ఎదురైన ఆంటీలు ఫోన్లు చూసుకున్నారు. కరపత్రాలు ఆమె ఒక్కతే పంచుకుంది. ప్రతి తలుపు దగ్గరా, తీసేది తెలుగువాళ్లయితే ఏమంటారోనని బెల్లు నొక్కబోయి ఆగింది.

శనివారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. పంతొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయింది. మనీష్ ఏదో అనబోయి, ఆమె మొహం చూసి మానుకుని, టీ పెట్టడానికి వెళ్లాడు. అప్పుడు మోగింది ఫోన్. అప్పారావు.

"చూశానమ్మా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. తిడతాడనే అనుకుంది.

"నా కవరొక్కటీ ఇంట్లోనే ఉండిపోయింది. కోపంతో నీ ఎదుటివాడికి పెడదామని నిన్న కూర్చున్నాను. చెయ్యి రాలేదు. నీకే టిక్కు పెట్టి, పెట్టెలో వేసొచ్చాను. నాదొక్కటే."

నిరుపమకు కన్నీళ్లాగలేదు. "అంకుల్..." అంది.

"పొద్దున పోలీసుల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందమ్మా. బుధవారం రమ్మన్నారు. మా అమ్మాయితో చెప్పలేదు." ఇంతమందికి ఫారాలు నింపిన మనిషి గొంతు తగ్గించాడు. "అందులో ఒక కాగితం ఉంది, నింపాలిట. చెయ్యి వణుకుతోంది. నువ్వొచ్చి నింపి పెడతావా? ఆ రోజు నాతో కూడా వస్తావా?"

"వస్త అంకుల్," అంది నిరుపమ, అప్పటికే చెప్పులు తొడుక్కుంటూ.