మూడో మెట్టు పరీక్ష

సోంబరు చేతిలో నిచ్చెన ఉందంటే, ఎక్కడానికి ముందు దిగడం నేర్చుకోవాలి. అనంతగిరి చుట్టుపక్కల ఈ సంగతి తెలియనివాళ్ళు ఇద్దరే. ఒకరు టూరిస్టులు, రెండోవారు సోంబరు కోళ్ళు.

"ఎక్కడం ఎవుడికైనా వస్తాది. దిగి సూపించు," అంటాడు. మూడో మెట్టు దాకా ఎక్కాలి. నిచ్చెన వైపే మొహం పెట్టి దిగాలి. రెండు చేతులు, రెండు కాళ్ళు, ఈ నాలుగింట్లో మూడు ఎప్పుడూ నిచ్చెనని అంటుకునే ఉండాలి. ఆయనేమో కింద నిచ్చెన రెండు వెదురు బొంగులూ పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. పరీక్ష పెట్టినాయన కళ్ళు మూసుకోవడమేమిటని అడిగితే సమాధానం రాదు, ఫలితం మాత్రం వస్తుంది. ముప్పై ఏళ్ళుగా మిరియాల కోతల్లో, ఆ తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద ఆయన చేస్తున్న పని ఇదే. ఎక్కినవాళ్ళ రెండు పాదాలూ మట్టి మీద ఆనేదాకా నిచ్చెన వదలడు. దోమ కుట్టినా అంతే, జీపులోంచి ఆఫీసరు పిలిచినా అంతే.

ఫెయిల్ చేయడంలో ఆయనకి మొహమాటం లేదు. కారణాలు మాత్రం వింతగా ఉంటాయి. లెక్కల మాస్టారు సత్యనారాయణ ఇంటి మీది టీవీ డిష్ తిప్పుకోవడానికి నిచ్చెన అడిగితే, "పొద్దున తిన్న ఉప్మా ఇంకా అరగలేదు మాస్టారూ, నాను తిప్పేత్తాను," అన్నాడు. మాస్టారు ఆ రోజు ఉప్మా తినలేదు.

ఇలాంటి మనిషి పెరట్లో బిందుమాధవి తన క్యారవాన్ నిలిపింది. సాలూరు మనిషి. ఉద్యోగం మానేసి, లోపల మంచాలూ పొయ్యీ ఉన్న పాత బండి కొని, టూరిస్టుల్ని కొండలు తిప్పుదామని వచ్చింది. వచ్చిన నెలకే బండి పైకప్పుకున్న గాలి కిటికీ మూతని ఒక కోతి పీకి పారేసింది. ఆ సాయంత్రమే వాన. అతిథుల పరుపులు తడిసి ముద్దయ్యాయి. బుకింగులు ఇచ్చే ఏజెన్సీవాళ్ళు ఫోన్ చేసి, ఇంకొక్క ఫిర్యాదు వస్తే బండిని జాబితాలోంచి తీసేస్తామన్నారు. శనివారం ఇంకో కుటుంబం వస్తోంది. కొత్త మూత వచ్చింది, పైకెక్కి బిగించాలి.

"నాను బిగించేత్తాను కదా తల్లీ," అన్నాడు సోంబరు.

"వద్దు బాబాయ్. రేపు పాచిపెంట దారిలో ఇంకో కోతి పీకితే నిన్నెక్కడ వెతకను? నేనే ఎక్కాలి."

"అయితే మూడో మెట్టు దాకా ఎక్కు."

సోమవారం ఎక్కింది. చెప్పుల అడుగు అరిగిపోయిందన్నాడు. నిజమే. సంతకెళ్ళి పట్టున్న బూట్లు కొనుక్కుంది. మంగళవారం చేతిలో స్క్రూడ్రైవర్ ఉందన్నాడు. అదీ నిజమే. సామాను బకెట్లో పెట్టి తాడుతో పైకి లాగడం నేర్చుకుంది. బుధవారం జడ పొడుగన్నాడు. ముడి వేసుకుంది. తుమ్మేలా ఉన్నావన్నాడు. తుమ్మకుండా పావుగంట నిలబడి చూపించింది. మర్నాడు మూడో మెట్టు మీద ఉండగా కళ్ళు తెరిచి, "ఇయ్యాళ గురువారం తల్లీ," అన్నాడు.

"అయితే ఏటి?" అంది. బిందుమాధవికి కూడా ఆయన యాస వచ్చేసింది. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మర్నాడు మళ్ళీ బూట్లు బిగించింది.

శుక్రవారం మధ్యాహ్నం కాఫీ తోట చూడ్డానికి విశాఖ కుర్రాళ్ళు ఆగారు. వాళ్ళలో అజయ్ అనే కండల వీరుడు బండెక్కి ఫోటో దిగుతానన్నాడు. మిగతావాళ్ళు ఫోన్లు తీశారు. మూడో మెట్టెక్కేసరికి సోంబరు, "దిగిపో బాబూ. నీ గడియారం శానా బరువు, నా నిచ్చిన మొయ్యలేదు," అన్నాడు. కుర్రాళ్ళు విరగబడి నవ్వారు. అజయ్ కూడా, "ఏం మనిషండీ!" అని గట్టిగా విసుక్కుంటూ దిగాడు.

కాసేపటికి బండి వెనకాల మాటలు వినిపిస్తే బిందుమాధవి కిటికీలోంచి చూసింది. అజయ్ మొహం కడుక్కుంటున్నాడు. "చిన్నప్పుడు మేడ మీంచి పడ్డాను పెద్దాయనా. వీళ్ళెవరికీ తెలీదు. మీకెలా తెలిసింది?"

"నాకేటి తెలుసు? గడియారమే బరువు బాబూ."

బిందుమాధవి నేరుగా సోంబరు భార్య రత్న దగ్గరికెళ్ళింది. రత్న మిరియాలు ఎండబోస్తూ నవ్వింది. "కాలు వణికితే ఆయనకి బొంగులో తెలిసిపోద్దమ్మా. నలుగురి ముందు వాళ్ళకి బయమని అనలేడు. ఏదో ఒకటి అనేత్తాడు. మాస్టారి ఉప్మా కూడా అదే."

బిందుమాధవికి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. నాలుగు రోజులుగా మనసులో ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. తిన్నగా వెళ్ళి నిచ్చెన ముందు నిలబడింది.

"బాబాయ్, గురువారమని అబద్ధమే కదా చెప్పావు?"

"గురువారం నిజంగా గురువారమే తల్లీ."

"నా కాళ్ళు వణికాయా?"

సోంబరు కోళ్ళ వైపు చూశాడు. "మొదటి రోజు నిచ్చినేటి, బండే ఊగింది."

"మరి ఇవాళ?"

"ఎక్కు."

ఎక్కింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కొండ మీద అప్పటికే మబ్బు దిగుతోంది.

"వణుకు మోకాళ్ళలోంచి దిగిపోనాది. మడమల్లో ఉంది. మడమల్లో ఉంటే పర్లేదు, అడుగు సూసుకుని ఏత్తావు. బేగి ఎళ్ళు, వానొచ్చేత్తాది."

బిందుమాధవి పళ్ళు బిగించి పైకెళ్ళింది. అడ్డతీగ నారతో కట్టిన నిచ్చెన కొస పైకప్పు కంటే రెండు మెట్లు ఎత్తుగా ఉంది. అది పట్టుకుని పక్కకి జరిగి కూర్చుంది. బకెట్ పైకి లాగింది. ఎనిమిది మరలూ బిగించేదాకా తల ఎత్తలేదు. అసలు కష్టం దిగడంలోనే ఉంది. వెనక్కి పెట్టిన కాలికి మెట్టు దొరకదు.

"కిందకి సూడకు తల్లీ. కాలే ఎతుక్కుంటాది. ఇంకా, ఇంకొంచెం... అదీ!"

మెట్టు దొరికింది. తర్వాత ఇంకోటి. చినుకులు మొదలయ్యేసరికి రెండు పాదాలూ మట్టి మీద ఉన్నాయి. బిందుమాధవి ఎగిరి గంతేసింది. సోంబరు మాత్రం నిచ్చెన వదల్లేదు.

"వచ్చేశాను బాబాయ్, ఇంక వదిలెయ్!"

"నువ్వెళ్ళు."

"తడిసిపోతున్నావు, వదిలెయ్!"

"నువ్వెళ్ళు తల్లీ. నా కాళ్ళు ఒకటే వణుకు. ఇది వదిలేత్తే పడిపోతాను."

బిందుమాధవి ఒక రెక్కా, రత్న ఒక రెక్కా పట్టుకుని ఆయన్ని బండిలోకి తీసుకెళ్ళి పరుపు మీద కూర్చోబెట్టారు. వాన దంచి కొట్టింది. ఒక్క చుక్క లోపల పడలేదు. పరుపు తడిసిందల్లా సోంబరు కూర్చున్నచోటే.