కళ్ళజోడత్త ఓటు

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది కాబట్టి అన్న కూతురు మాటలు వచ్చీరాని వయసులోనే ఆమెను "కళ్ళజోడత్త" అంది. ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి బడిలోకీ పాకింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే ఒక క్షణం ఇంకెవరినో అనుకునేది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళను నవ్వుతూ సాగనంపి, అన్నావదినల ఇంట్లోనే మేడమీద గదిలో ఉండిపోయింది. ఫ్రేము కాడలను వేడిగాలికి పట్టి, మనిషి చెవి వంపుకు తగ్గట్టు వంచడం ఆమె పని. చేతులు ఆ పనిలో ఉండగానే నోరు కబుర్లలో పడేది. జోడు సరిచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు ఇంటి గొడవలన్నీ తనివితీరా చెప్పుకుని, మనసు తేలికపడి వెళ్ళేవారు.

ఆమె విద్యార్థుల వాదన పోటీల్లోకి రావడం మాత్రం తప్పనిసరై జరిగింది. మేనకోడలు తొమ్మిదో తరగతిలో డిబేట్ జట్టులో చేరింది. పోటీకి పిల్లల్ని పంపే ప్రతి బడీ, పిల్లల సంఖ్యను బట్టి కొంతమంది జడ్జీలను కూడా వెంట తేవాలి. తేకపోతే పిల్లల పేర్లు కొట్టేస్తారు. రావలసిన తండ్రి ఒకాయన జ్వరమని చేతులెత్తేసేసరికి, జట్టును చూసుకునే లెక్కల మాస్టారు దుకాణానికే వచ్చి కూర్చున్నాడు. తనకు వాదనల్లో ఓనమాలు కూడా తెలియవని ఆమె మొత్తుకుంది. తెలియనివాళ్ళే కావాలన్నాడు మాస్టారు. పిల్లలు నేర్చుకోవలసింది పండితులను మెప్పించడం కాదనీ, పక్కింటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడమనీ అన్నాడు.

మొదటి రోజే ఒక పిల్లాడు ఊపిరి తీసుకోకుండా గడగడా చదువుకుంటూ పోయాడు. ఆమె కాసేపు ఓపిక పట్టి, పెన్ను కింద పెట్టి, "నాయనా, నిన్నెవరూ తరమడం లేదు. మెల్లగా చెప్పు" అంది. జడ్జి మధ్యలో మాట్లాడకూడదని తర్వాత ఎవరో చెబితే నాలుక కరుచుకుంది. కానీ ఆ పిల్లాడు సాయంత్రం వెతుక్కుంటూ వచ్చి, అలా మెల్లగా చెప్పే తర్వాతి రౌండు గెలిచానన్నాడు. ఆ మాట ఆమెను పట్టేసుకుంది. అప్పటినుంచి సెలవు పెట్టి మరీ వెళ్ళేది.

మేనకోడలు పై తరగతికి వచ్చాక జాతీయ పోటీలకు మనుషులను ఎంపిక చేసే పోటీ వచ్చింది. మామూలు పోటీలో ఓడితే కప్పు పోతుంది, అంతే. ఎంపిక పోటీ అలా కాదు. ఒకసారి ఓడినా ఆటలో ఉంటారు, రెండోసారి ఓడితే మూట సర్దుకోవడమే. మిగిలినవాళ్ళు తగ్గేకొద్దీ ఒక్క జడ్జికి బదులు ముగ్గురిని కూర్చోబెడతారు. ఎంతమంది పాల్గొంటే దాన్ని బట్టి ఆ ప్రాంతానికి చోట్లు ఇస్తారు. ఆ ఏడాది పిల్లలు పలచగా వచ్చారు కాబట్టి ఒక్కటే చోటు.

మధ్యాహ్నం దాటేసరికి ముగ్గురు మిగిలారు. ఒకరు మేనకోడలు. ఇంకొకరు ఆచితూచి మాట్లాడే పొడుగమ్మాయి. పొద్దున మేనకోడలిని ఓడించింది ఆ అమ్మాయే. మూడోవాడు టై కట్టుకున్న అబ్బాయి, అతన్ని మేనకోడలు ఓడించింది. ముగ్గురికీ తలా ఒక ఓటమి ఉంది. బేసి సంఖ్య కావడంతో చీటీ తీస్తే మేనకోడలికి ఆ రౌండు ఆడే పని తప్పింది. మిగతా ఇద్దరిలో గెలిచినవాళ్ళు ఆమెతో తలపడాలి.

"టై అబ్బాయి వస్తే నా నెత్తిన పాలు పోసినట్టే అత్తా. ఆ పొడుగమ్మాయి వస్తే మాత్రం నా పని అయినట్టే" అని మెట్ల మీద ఆపిల్ కొరుకుతూ చెప్పింది పిల్ల.

ఆ ఇద్దరి వాదనకే ముగ్గురు జడ్జీల్లో ఒకరిగా కళ్ళజోడత్తను వేశారు.

ఆమె, ఎవరు ఎవరితో వాదించాలో, ఏ జడ్జి ఎక్కడ కూర్చోవాలో జతలు వేసే గదికి పరుగున వెళ్ళి, తనను మార్చమని అడిగింది. కంప్యూటరు ముందున్నావిడ తల ఎత్తింది. "మీ పాప ఆ గదిలో లేదు కదండీ. ఇక్కడ ఏ జడ్జికి ఏ బడితో చుట్టరికం లేదు చెప్పండి? మీరు విన్నదాన్ని బట్టి ఓటు వేయండి, చాలు" అంది.

నగరంలో బస్సు ప్రయాణం ఉచితం చేయాలా వద్దా అన్నది ఆ రోజు విషయం. టై అబ్బాయి చేయాలన్నాడు, చక్కగా, నవ్వుతూ, మాట మాటకీ మెరుపులు మెరిపిస్తూ. కళ్ళజోడత్త మనసు అతని వైపే లాగింది. ఎందుకు లాగుతోందో కూడా ఆమెకు తెలుసు. పొడుగమ్మాయి లేచి, ఎక్కేవాళ్ళు పెరిగితే అదనపు బస్సులెక్కడివి, నడిపేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు అని అడిగింది. అబ్బాయి పేదవాళ్ళ గురించి మనసు కరిగేలా చెప్పాడు గానీ దానికి బదులివ్వలేదు. ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ దాటేశాడు. ఇప్పుడైనా చెబుతాడేమోనని ఆమె చివరి నిమిషం దాకా పెన్ను పట్టుకుని ఎదురుచూసింది. చెప్పలేదు. పొడుగమ్మాయికి ఓటు వేసి, కాగితం ఇచ్చేసి, బయటికొచ్చి రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

మిగతా ఇద్దరు జడ్జీలు చెరొకరికి వేశారు. ఆమె ఓటే తేల్చింది.

చివరి వాదన జరుగుతుంటే లోపలికి వెళ్ళే ధైర్యం లేక వరండాలోనే పచార్లు చేసింది. తలుపు అద్దంలోంచి మేనకోడలు ఎదుటి అమ్మాయితో చెయ్యి కలపడం కనిపించింది. ఆ కలిపిన తీరులోనే ఓడిపోయిందని తెలిసిపోయింది.

ఇంటికి వచ్చాక, వంటింట్లో వదిన పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లోకి వెళ్ళినప్పుడు, పిల్ల గోడకు ఆనుకుని అడిగింది.

"ఆ ఓటు నీదేనా అత్తా?"

"నాదే."

"అయితే నాకు ఆ అమ్మాయే వస్తుందని నీకు తెలుసుగా."

"తెలుసు తల్లీ. నువ్వే చెప్పావుగా."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళజోడత్త దగ్గరికి తీసుకోబోయింది గానీ, పిల్ల చెయ్యి అడ్డం పెట్టి, అసలు ఆ అమ్మాయి ఎలా గెలిచిందో చెప్పమంది. అత్త చెప్పింది. బదులివ్వని ప్రశ్న సంగతి వినగానే పిల్ల ముక్కు తుడుచుకుని, "అదేం ప్రశ్న? దానికి జవాబుంది" అని మొదలెట్టింది. అత్త ఎదురు చెప్పింది. పిల్ల గొంతు పెంచింది, అత్త వేలు చూపించింది. పాలు పొంగి పొయ్యంతా పారాయి. వదిన వచ్చి చూసి నిలబడిపోయింది. ఎవరు గెలిచారో చెప్పమని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"పొయ్యి తుడిచినవాళ్ళు" అంది వదిన.

తుడుస్తూ పిల్ల మెల్లగా అడిగింది, "నా చివరి వాదన నువ్వు విని ఉంటే ఎవరికి ఇచ్చేదానివి?"

"వినందే ఎలా చెప్పనే?"

పిల్ల నవ్వేసింది.

మరుసటి ఏడు ఆ ప్రాంతానికి రెండు చోట్లు వచ్చాయి. రెండోది మేనకోడలిది. జాతీయ పోటీల్లో తొందరగానే ఓడి, అక్కడ విన్న వాదనల గురించి నెల రోజులు ఇల్లు హోరెత్తించింది. ఆమె కాలేజీలో చేరాక, ఇక రావలసిన అవసరం లేదని మాస్టారు మర్యాదకు అన్నాడు. కళ్ళజోడత్త వినిపించుకోలేదు. ఇప్పుడు మేనకోడలు కూడా సెలవుల్లో జడ్జిగా వస్తుంది. ఇద్దరూ ఒకే బస్సులో, దారి పొడుగునా వాదించుకుంటూ వస్తారు. జతలు వేసే గదిలో ఆవిడ మాత్రం వాళ్ళిద్దరినీ ఎప్పుడూ ఒకే గదికి పంపదు.